కోశమూ వ్యవహారమూ

శబ్దం వలన అర్థం బోధపడాలంటే ముందు శక్తిగ్రహం కలగాలని మన శాస్త్రకారులు చెప్పారు. ఆ శక్తిగ్రహానికి సాధనాలు ఎనిమిదని చెప్పే కారిక న్యాయసిద్ధాంత ముక్తావళిని పాఠ్యగ్రంథంగా చదివిన ప్రతి ఓరియంటల్ కళాశాల విద్యార్థికీ పరిచితమే. వ్యాకరణం, ఉపమానం, కోశం, ఆప్తవాక్యం, వ్యవహారం, వాక్యశేషం, వివృతి, సిద్ధపద సాన్నిధ్యం అనేవి ఆ ఎనిమిది. ఈ ఎనిమిదింటిలో కోశం ఒకటి మాత్రమే. కారికను పరీక్ష కోసం కంఠస్థం చేసినవారు ఈ చిన్న విషయాన్ని అంతగా పట్టించుకోరు. ఒక విశ్రాంత తెలుగు పండితునికి ఆ విషయం తన డెబ్భై నాలుగవ ఏట, అదీ ఇంగ్లీషు పదాల పట్టిక ఒకటి చేత పట్టుకొని మనుమరాలికి పాఠం అప్పజెప్పించుకొంటున్న వేళ, మనసుకు ఎక్కింది.

ఆ పండితునిది చంద్లాపూర్. సిద్దిపేటకు సమీపాన, చిన్నకోడూరు మండలంలో ఉన్న ఈ గ్రామం 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగే వరకు మెదక్ జిల్లాలో ఉండేది. గ్రామం దగ్గరి గుట్టపై వెలసిన రంగనాయకస్వామి పేరనే ఇక్కడి జలాశయానికి రంగనాయకసాగరమని పేరు వచ్చింది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగమైన ఈ జలాశయం నిలువ సామర్థ్యం 3 టి.ఎం.సి.లు, అనగా మూడు వందల కోట్ల ఘనపుటడుగులు. 2020 ఏప్రిల్ 24న ఇందులోకి తొలిసారి నీరు విడిచారు. అంతకు పూర్వం బావుల మీద, వానల మీద ఆధారపడిన ఈ మెట్ట ప్రాంతంలో చెలకలే ఎక్కువ. పండితుని పూర్వీకుల చెలకలో కొంత భాగం ఇప్పుడు ఆ నీటి అడుగున ఉన్నది. మిగిలిన భాగానికి ఆ నీరే అందుతున్నది.

ఆయన తండ్రి పురోహితుడు. ఎనిమిదేళ్ల ప్రాయంలో కుమారుణ్ణి తెల్లవారుజామున లేపి, అరుగు మీద కూర్చుండబెట్టి అమరకోశం వల్లె వేయించేవాడు. మూడు కాండలు, సుమారు పదిహేను వందల శ్లోకాలు. ఆ సంపదతోనే ఆ బాలుడు తరువాత ఓరియంటల్ కళాశాలలో చేరి, పండిత శిక్షణ పూర్తిచేసి, ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు బోధించాడు. ఇంగ్లీషు ఆయనకు అక్షరాల మేరకు వచ్చు. పత్రికలో శీర్షికలు చదువగలడు. ఉత్తరం మీద చిరునామా వ్రాయగలడు. అంతకు మించి ఆ భాషతో ఆయనకు పని పడలేదు.

2023 దసరా సెలవులకు మనుమరాలు హైదరాబాదు నుండి ఊరికి వచ్చింది. ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతున్నది. పైచదువులకు అమెరికా పోవాలని సంకల్పం. అందుకు జి.ఆర్.ఇ. అనే పరీక్ష వ్రాయాలి. తండ్రి అప్పుకోసం బ్యాంకులో మాట్లాడి ఉంచాడు. మంచి విశ్వవిద్యాలయంలో చోటు దొరికితేనే ఆ అప్పు తీరే మార్గం ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు. డిసెంబరులో పరీక్ష. గణితం ఆమెకు బెరుకు లేదు. భయమంతా ఇంగ్లీషు పదాల గురించే.

ఆమె వెంట ఒక పొడవాటి నోటుపుస్తకం ఉన్నది. ప్రతి పుటలోనూ నిలువుగా ఒక గీత. గీతకు ఎడమవైపు పదం, కుడివైపు దాని నిర్వచనం. రోజుకు నలభై పదాలు. రాత్రి పడుకొనే ముందు కుడివైపు భాగాన్ని అరచేతితో మూసి ఎడమవైపు చదవడం, పిమ్మట ఎడమవైపు మూసి కుడివైపు చదవడం ఆమె అభ్యాసం. వారానికి ఒకసారి పదాలను ఒక వరుసలో, నిర్వచనాలను తారుమారు చేసి మరొక వరుసలో వ్రాసుకొని, ఒకదానికొకటి జత కలుపుతూ గీతలు గీసేది. బడి పిల్లలకు మనమిచ్చే ‘జతపరచండి’ అన్న ప్రశ్నకు ఇది పెద్దల రూపం. నలభైలో ముప్పై ఏడో ముప్పై ఎనిమిదో ఎప్పుడూ సరిపోయేవి. అయినా నమూనా పరీక్ష వ్రాసినప్పుడు భాషాభాగంలో మార్కులు మాత్రం కదలడం లేదు. ఆమెకు అంతుబట్టనిది అదే.

“తాతా, నువ్వు జర అప్పజెప్పించుకుంటవా?” అని ఆమె ఒక సాయంత్రం అడిగింది. పండితునికి సంతోషం కలిగింది. తన తండ్రి తనకు చేసిన పని తాను చేయబోతున్నాడు. అక్షరం అక్షరం కూడబలుక్కొని ఆయన పదం చదివేవాడు, ఆమె ఉచ్చారణ దిద్ది, నిర్వచనం చెప్పేది. టాసిటర్న్ అన్నాడు. “తక్కువ మాట్లాడేవాడు.” నాలుగు పదాల తరువాత లాకానిక్ వచ్చింది. “తక్కువ మాటలతో చెప్పేది.” పుట తిప్పితే రెటిసెంట్. “ఎక్కువగా మాట్లాడనివాడు.” పండితుడు ఆగి, “మూడింటికీ ఒకటే అర్థమైతే మూడు మాటలెందుకు బిడ్డా?” అన్నాడు. ఆమె దగ్గర సమాధానం లేదు. “పోనీ, మన ఊర్ల ఎవరి గురించి ఏ మాట వాడుతవు?” అని అడిగాడు.

ఆమె కొంచెం విసుగ్గా, “పరీక్షల అట్ల అడగరు తాతా” అన్నది. ఒక క్షణం తరువాత, “నీ అమరం గూడ ఇట్లాంటిదే గద. ఒక మాటకు ఇంకో మాట. అర్థం తెల్వకుండనే నేర్చిన అని నువ్వే చెప్పినవు” అన్నది. ఆ మాటలో అవమానించే ఉద్దేశం లేదు. అలసిన పిల్ల అన్న మాట. కాని పండితుడు పుస్తకం మూసి ఆమెకు ఇచ్చివేశాడు.

ఆ రాత్రి ఆయన తనలో తాను అమరాన్ని సమర్థించుకొన్నాడు. ఆ సమర్థనలో సత్యం లేకపోలేదు. అమరసింహుడు నిర్వచనాలు చెప్పలేదు. ఒక వస్తువుకు గల పేర్లన్నిటినీ ఒకచోట చేర్చి, వాటి లింగాలను తెలిపి, సజాతీయ వస్తువులను వర్గాలుగా కూర్చాడు. స్వర్గవర్గం నుండి క్రమంగా దిగివచ్చే పాఠకునికి ఒక లోకమే సాక్షాత్కరిస్తుంది. మనుమరాలి పట్టికలో మాటలకు అటువంటి బంధుత్వం లేదు. అక్షరక్రమం తప్ప వేరొక సంబంధం లేని పదాలు అపరిచితుల వలె ఒకే వరుసలో నిలబడి ఉన్నాయి. పైగా అమరాన్ని ఎవరూ ఒంటరిగా విడిచిపెట్టలేదు. లింగయసూరి అమరపదవివృతి, తెలుగువారికి సుపరిచితమైన గురుబాలప్రబోధిక వంటి వ్యాఖ్యలు దానిని అంటిపెట్టుకొని ఉన్నాయి.

ఇంతవరకు ఆయనకు ఊరట కలిగింది. కాని ఇతరులకు చేసే వాదం వేరు, తనకు తాను చెప్పుకొనే నిజం వేరు. ఎనిమిదేళ్ల వయసులో వారివర్గం వల్లించినప్పుడు నీటి పేర్ల వరుసలో సలిలం, పయస్సు, అమృతం, జీవనం, వనం అన్న మాటలు తనకు ధ్వనులే గాని అర్థాలు కావు. తండ్రి తొడ మీద వేసే తాళమే వాటిని నిలబెట్టింది. పయస్సు పాలకూ నీటికీ చెల్లుతుందని, వనం అడవికీ నీటికీ చెల్లుతుందని కళాశాలలో కావ్యపాఠం వినే రోజుల్లో తెలిసింది. అంటే పన్నెండు పదమూడేళ్ల పాటు ఆ మాటలు లోపల తాళం వేసిన పెట్టెలో పడి ఉన్నాయి. మనుమరాలి మాట తప్పు కాదు.

ఇంకొక జ్ఞాపకం ఆయనను మరింత బాధించింది. తాను ఉపాధ్యాయుడుగా ఉన్నన్నాళ్లూ ప్రతి పరీక్షాపత్రంలో ‘జతపరచండి’ అన్న ప్రశ్న తప్పక ఇచ్చేవాడు. ఒకవైపు పదాలు, మరొకవైపు అర్థాలు. ఒకవైపు కవులు, మరొకవైపు కావ్యాలు. దిద్దడం సులభం. ఎన్ని తరగతుల పిల్లలైనా ఒక సాయంత్రంలో పూర్తవుతుంది. ఘంటాపథం ఎదుట కిరాతార్జునీయమని, సర్వంకష ఎదుట శిశుపాలవధమని గీత గీసిన విద్యార్థికి పూర్తి మార్కులు వేశాడు. ఆ విద్యార్థి కిరాతార్జునీయంలో ఒక్క శ్లోకమైనా చూశాడా అని ఒకనాడూ విచారించలేదు. ఇప్పుడు తన ఇంటి పిల్ల అదే అభ్యాసంతో సముద్రం దాటబోతున్నది.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. పదానికి నిర్వచనాన్ని జతపరచడం ఇంగ్లీషు విద్యాలోకంలోనూ మొదట కొలమానంగా మన్నన పొందినదే. న్యూజిలాండుకు చెందిన భాషాబోధనవేత్త పాల్ నేషన్ 1983లో ప్రకటించిన పదస్థాయి పరీక్షలో ఒకవైపు ఆరు పదాలు, మరొకవైపు మూడు నిర్వచనాలు ఉంటాయి. నిర్వచనాలను ఆ పదాలకంటె తేలికైన మాటలతో వ్రాస్తారు. విద్యార్థికి ఏ స్థాయి పదాలు తెలుసో, ఎక్కడి నుండి బోధన ఆరంభించాలో ఉపాధ్యాయుడు తెలుసుకోవడానికి ఉద్దేశించిన సాధనం అది. పదాలను పట్టుబట్టి కంఠస్థం చేయడం వ్యర్థమని నేషన్ ఎక్కడా అనలేదు. దాని వలన తక్కువ కాలంలో ఎక్కువ పదాలతో ముఖపరిచయం కలుగుతుందని అంగీకరించాడు. అయితే చదువులో, వినికిడిలో, మాటలో, వ్రాతలో ఆ పదాన్ని మళ్లీ మళ్లీ కలుసుకొంటే తప్ప పరిచయం జ్ఞానంగా మారదని కూడా చెప్పాడు. తూకం వేసే రాయిని గింజలలో కలిపి వండుకొంటే కడుపు నిండదు.

అమెరికాలో ఈ జతపరిచే వినోదానికి పెద్ద చరిత్రే ఉన్నది. రీడర్స్ డైజెస్ట్ పత్రికలో విల్‌ఫ్రెడ్ ఫంక్ 1945లో ఆరంభించిన పదశక్తి శీర్షిక ఇంటింటా ప్రచారం పొందింది. 1949లో వెలువడిన నార్మన్ లూయిస్ గ్రంథం ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ నేటికీ మన నగరాల కాలిబాట దుకాణాలలో కనిపిస్తుంది. లూయిస్ ప్రతిభ ఏమంటే, ఆయన జతపరిచే అభ్యాసాలకు ముందు ధాతువులను చెప్పాడు. లాటిన్, గ్రీకు మూలాలను తెలిపి, ఒక మూలం నుండి పదిమాటలు పుట్టించి చూపాడు. అది శక్తిగ్రహ సాధనాలలో మొదటిదైన వ్యాకరణం. ఆ భాగాన్ని విడిచి, చివరి అభ్యాసాలను మాత్రమే పట్టుకొన్నవారికి మూడవదైన కోశం ఒక్కటే మిగిలింది.

మరుసటి ఉదయం పండితుడే మనుమరాలి దగ్గరకు వచ్చి పరీక్ష ఎట్లా ఉంటుందో చూపమన్నాడు. ఆమె ఫోనులో నమూనా ప్రశ్నలు తెరిచింది. పూర్వం ఈ పరీక్షలో ఒక పదమిచ్చి దాని వ్యతిరేకార్థకాన్ని ఏరుకొమ్మనేవారు. 2011 ఆగస్టులో పరీక్షను సవరించినప్పుడు ఆ ప్రశ్నలను, పదసామ్యపు ప్రశ్నలను తొలగించారు. ఇప్పుడు వాక్యమో, చిన్న పేరానో ఇచ్చి అందులో ఖాళీలు విడుస్తారు. ఆ ఖాళీలో నప్పే మాటను మిగిలిన వాక్యాన్ని బట్టి నిర్ణయించాలి. మరొక రకంలో ఒకే వాక్యానికి ఒకే భావం నిచ్చే రెండు మాటలను ఎన్నుకోవాలి. మనుమరాలు ఒక వాక్యాన్ని తెలుగులో వివరించింది. పండితుడు విని, చాలాసేపు మాట్లాడలేదు. పిమ్మట, “ఇది వాక్యశేషం బిడ్డా” అన్నాడు.

ఆమెకు ఆ మాట తెలియదు. ఆయన అరుగు మీద కూర్చుని చెప్పాడు. యవమన్న మాటకు కొందరు పొడవైన ముండ్లు గల ఒక ధాన్యమని, మరికొందరు కొర్రలని అర్థం చెప్పుకొనేవారు. యవాలతో చరువు చేయాలన్న విధిలో ఏ అర్థం గ్రహించాలి? తక్కిన పైరులన్నీ వాడిపోయే కాలంలో ఇవి కళకళలాడుతూ నిలుస్తాయని తరువాతి వాక్యం చెబుతున్నది కనుక మొదటిదే గ్రాహ్యం. కోశం రెండర్థాలు చెప్పి ఊరకుంటుంది. వాక్యంలోని శేషభాగం తీర్పు చెబుతుంది. ఇక సిద్ధపద సాన్నిధ్యం. మామిడిచెట్టు మీద పికం తీయగా కూస్తున్నదని విన్నవానికి పికమంటే ఏమిటో తెలియకపోయినా, మామిడి, తీయగా, కూయడం అన్న తెలిసిన మాటల సమీపాన ఉండడం చేత అది కోకిల అని తేలిపోతుంది. “మీ పరీక్ష అడిగేది ఈ రెండూ. నువ్వు చదివేది కోశం. అందుకే మార్కులు కదులుత లేవు.”

ఆమె ఆ మాటలను నోటుపుస్తకం అట్టమీద వ్రాసుకొన్నది. కారికలోని ఎనిమిదింటినీ వరుసగా చెప్పించుకొన్నది. ఆ సాయంత్రం నుండి ఇద్దరూ జలాశయం కట్ట మీదికి నడకకు పోవడం మొదలుపెట్టారు. నోటుపుస్తకం వెంట ఉండేది.

కట్ట మీద వారికి తరచు ఎదురయ్యే ఒక రైతు ఉన్నాడు. బడికి పోయినవాడు కాడు. కాని రిజర్వాయరు, ప్యాకేజీ, సర్జ్‌పూల్, టన్నెల్, క్యూసెక్కు, సర్వే, కాంపెన్సేషన్ అన్న మాటలను ఎక్కడా తడబడకుండా, తగినచోట వాడుతాడు. ఏ పట్టికలోనూ అతడు వాటిని చూడలేదు. ఇంజనీరు ఒకరిని చూసి చెప్పగా, ఆ రెండవవాడు చేయగా, చూసి నేర్చుకొన్నాడు. వృద్ధవ్యవహారమని శాస్త్రంలో చెప్పేది ఇదే. ఆవును తెమ్మని ఒక పెద్ద చెప్పగా మరొక పెద్ద తెచ్చుటను చూసి, పిమ్మట ఆవును కట్టుము, గుర్రమును తెమ్ము అన్నప్పుడు మారిన పనులను గమనించి, బాలుడు ఏ మాట దేనిని చెబుతున్నదో విడదీసుకొంటాడు. ప్రాచీనులు శక్తిగ్రహానికి వ్యవహారమే మూలమని భావించారు. ఇంగ్లీషును భయంతో చదివే ఎందరో విద్యార్థులకు లేని చనువు ఆ రైతుకు ఏడెనిమిది మాటలతో ఏర్పడింది.

నోటుపుస్తకంలో ఇనండేట్ అన్న మాట ఉన్నది. వరదతో ముంచివేయడమని, తట్టుకోలేనంతగా వచ్చిపడడమని ఎదుట నిర్వచనం. మనుమరాలు దానిని ఎన్నోసార్లు సరిగానే జతపరచింది. పండితుడు నీటివైపు చూపి, “దీన్ని మనం ముంపు అంటం” అన్నాడు. ఆమె ఉలిక్కిపడింది. ఆమె ఇంటర్మీడియట్ చదివిన రోజుల్లో తండ్రి ఫోనులో రోజూ మాట్లాడిన మాట అది. ముంపు భూమి, ముంపు సర్వే, ముంపులో పోయిన మామిడిచెట్లు. ఆ మాట చెవినబడితే ఇంట్లో అన్నం ఎవరికీ సయించేది కాదు. ఆ ముంపుకూ ఈ ఇనండేట్‌కూ సంబంధం ఉన్నదని తనకు ఇన్నాళ్లూ తట్టలేదని ఆమె చెప్పింది. ఆ తరువాత ఆ మాటను ఆమె మరి జతపరచుకోవలసిన అవసరం కలగలేదు.

తక్కువ మాటల మూడు పదాల సమస్య కూడా ఆ కట్ట మీదనే తీరింది. పండితుని తండ్రి స్వభావం చేతనే మితభాషి. పెండ్లిలోనైనా చావులోనైనా అంతే. అది టాసిటర్న్, మనిషి గుణం. కట్ట మీది రైతును మనుమరాలు ఒకసారి, “కాకా, మీ చెలక ఎంత పోయింది?” అని అడిగితే, అతడు నీటివైపు చూసి, “పోయింది బిడ్డా” అన్నాడు. అది లాకానిక్, పొదుపైన ఆ జవాబు గుణం. అదే రైతు పంటల గురించి గంటలు మాట్లాడుతాడు, వచ్చిన డబ్బు ఏమైందని అడిగితే మాత్రం మాట మారుస్తాడు. అది రెటిసెంట్, ఒక విషయాన్ని బయటపెట్టడానికి వెనుకాడడం. నిర్వచనాలు మూడింటినీ ఒకే గాటన కట్టాయి. మనుషులు వాటిని విడదీశారు. తెలుగులో పేరుపొందిన వైద్యుడు, పేరుమోసిన దొంగ అంటాము గాని మాటలను తారుమారు చేయము. ఏ బడిలోనూ ఈ భేదం ఎవరూ మనకు నిర్వచించి చెప్పలేదు.

అప్పటి నుండి ఆమె నోటుపుస్తకంలో కుడివైపున మరొక నిలువుగీత గీసింది. మూడవ వరుసలో నిర్వచనం ఉండదు. ఆ మాటతో తాను చూసిన మనిషిని గురించో, విన్న సంగతిని గురించో ఒక వాక్యం ఉంటుంది. రోజుకు నలభై పదాలు పన్నెండుకు తగ్గాయి. మొదట ఆమె భయపడింది. పండితునికీ లోలోపల భయమే. తన మాట విని పిల్ల చెడిపోతే ఆ అప్పుకు ఎవరు జవాబుదారీ?

ఆయనకు ధైర్యమిచ్చినవాడు మల్లినాథసూరి. పంచమహాకావ్యాలకు, మేఘసందేశానికి వ్యాఖ్యలు వ్రాసిన ఆ మహావ్యాఖ్యాత ఇంటిపేరుకు మూలమైన కొల్చారం పాత మెదక్ జిల్లాలోని గ్రామమే. మల్లినాథుడు అన్వయముఖంగా శ్లోకాన్ని నడిపి, సందర్భాన్ని బట్టి పదానికి అర్థం నిర్ణయించి, ఆ పిమ్మట ‘ఇత్యమరః’ అని కోశాన్ని ఉదాహరిస్తాడు. కోశం ఆయనకు సాక్షి. న్యాయం చెప్పవలసింది వాక్యం. అయితే అమరం కంఠస్థం కాని పక్షంలో ఆ సాక్షి సమయానికి పలికేవాడు కాడు. కనుక తన బాల్యపు వల్లెవేత వ్యర్థం కాలేదని, మనుమరాలి పట్టిక కూడా వ్యర్థం కాదని, వ్యర్థమయ్యేది అక్కడే ఆగిపోవడమని పండితునికి తోచింది.

ఇంగ్లీషు నిఘంటువుల చరిత్ర కూడా ఇదే త్రోవ తొక్కింది. 1604లో రాబర్ట్ కాడ్రే ప్రకటించిన మొదటి ఇంగ్లీషు ఏకభాషా నిఘంటువులో సుమారు రెండున్నర వేల కఠినపదాలకు సులభమైన మాటలు జత చేసి ఉన్నాయి. అచ్చంగా మనుమరాలి మొదటి పట్టిక. 1755లో శామ్యూల్ జాన్సన్ పదార్థాలకు మహాకవుల వాక్యాలను తోడు తెచ్చాడు. 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు ప్రతి అర్థానికీ కాలక్రమంలో ప్రయోగాలను చూపింది. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన బ్రౌను సైతం కావ్యాల నుండి, జనుల నోటి నుండి వాక్యాలను ఏరి పెట్టాడు. మన సూర్యరాయాంధ్ర నిఘంటువు ప్రయోగాల రాశి అని వేరుగా చెప్పనక్కరలేదు. నిఘంటుకర్తలు మూడవ వరుసను ఏనాడో గీశారు. పరీక్షకు తొందరపడే విద్యార్థి, దిద్దడానికి తొందరపడే ఉపాధ్యాయుడు ఆ వరుసను చెరిపివేస్తున్నారు.

డిసెంబరులో ఆమె పరీక్ష వ్రాసింది. భాషాభాగంలో నమూనా పరీక్షల కంటె మార్కులు పెరిగాయి. ఆమె ఆశించినంత రాలేదు, తండ్రి భయపడినంత తగ్గలేదు. మొదట కోరుకొన్న విశ్వవిద్యాలయం కాక మరొకచోట సీటు వచ్చింది. 2024 ఆగస్టులో ఆమె వెళ్లిపోయింది. నోటుపుస్తకం చంద్లాపూర్‌లో తాత దగ్గర విడిచి వెళ్లింది.

దాని చివరి పుటలో ఇంగ్లీషు పదం కాక ఒక సంస్కృత పదం ఉన్నది. వెళ్లే ముందు ఒక సాయంత్రం పండితుడు కట్ట మీద ఆమెకు నీటి పేర్లు చెప్పాడు. మేఘానికి జీమూతమని పేరు రావడానికి, జీవనాన్ని, అనగా నీటిని, మూటగట్టుకొన్నదని వ్యుత్పత్తి చెప్పి, వైయాకరణులు దానిని పృషోదరాదులలో చేర్చారని వివరించాడు. అమరంలో ఎనిమిదేళ్ల వయసులో వల్లించిన జీవనమన్న మాటకు అర్థం తనకు డెబ్భై దాటిన తరువాత, ఎండిన చెలకల మధ్య ఈ నీటిని చూసినప్పుడు తెలిసిందన్నాడు. అప్పుడు ఆమె, “మరి చెలక పోయినోళ్లు గూడ జీవనం పోయింది అంటరు గద తాతా” అన్నది. పండితుడు తలవూపాడు. సంస్కృతంలో నీరు, తెలుగులో బతుకుతెరువు. ఈ కట్టకు ఒకవైపున ఒక జీవనం వచ్చింది, దాని అడుగున మరొక జీవనం ఉన్నది.

రెంటికీ చెల్లే ఇంగ్లీషు మాట ఏదని ఆమె నోటుపుస్తకంలో ఎడమవైపున జీవనమని వ్రాసింది. మధ్యవరుస ఖాళీగా ఉంచింది. మూడవ వరుసలో రైతు చెప్పిన ఆ ఒక్క మాట వ్రాసింది. ఫోను చేసినప్పుడల్లా, “దొరికిందా?” అని తాత అడుగుతాడు. “ఇంకా లేదు తాతా” అని ఆమె అంటుంది. ఆ గడి ఇప్పటికీ అట్లాగే ఉన్నది.